పుర గ్రామం పొయ్యిల నుంచి ఈవీఎస్ పేపర్ దాకా

డిగ్రీలో ఏ గ్రూపు తీసుకున్నా ఈవీఎస్, అంటే పర్యావరణ అధ్యయనం పేపర్ రాయక తప్పదు. పరీక్షకు రెండు రోజుల ముందు గైడు తిరగేసి, ఓజోన్ పొర మీద ఒక పేజీ, చిప్కో ఉద్యమం మీద ఒక పేజీ రాసి బయటపడే పేపర్‌గా దానికి పేరు పడిపోయింది. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2023లో జాతీయ విద్యా విధానానికి తగ్గట్టు ఈ పాఠ్యప్రణాళికను కొత్తగా రాసి, కేస్ స్టడీలు, క్షేత్ర పరిశీలన ఉండాలని మళ్లీ చెప్పింది. ఇంత విలువైన సబ్జెక్టు ఇలా ఎందుకు తయారైంది? జవాబు కావాలంటే, దాదాపు పక్కపక్కనే నడిచినా పెద్దగా కలవని రెండు కథలు తెలియాలి.

మొదటిది బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో మొదలైంది. అప్పటికి రెండేళ్ల ముందే స్టాక్‌హోంలో ఐక్యరాజ్యసమితి మానవ పర్యావరణ సదస్సు జరిగింది, ఇందిరాగాంధీ వెళ్లి మాట్లాడి వచ్చారు. దేశంలో పర్యావరణం అనే మాట విశ్వవిద్యాలయాల గుమ్మం ఎక్కుతున్న కాలం అది. ఢిల్లీలో జేఎన్‌యూ పర్యావరణ శాస్త్రాలకు ప్రత్యేకంగా ఒక స్కూల్ పెట్టింది. బెంగళూరులో మాత్రం అమూల్య కె.ఎన్. రెడ్డి అనే ఎలక్ట్రోకెమిస్ట్రీ ప్రొఫెసర్ వేరే దారి పట్టారు. లండన్‌లో డాక్టరేట్ చేసి, అమెరికాలో పనిచేసి, ఆ శాస్త్రంలో ప్రపంచమంతా చదివే పాఠ్యగ్రంథానికి సహరచయితగా పేరు తెచ్చుకున్న మనిషి. అదే దారిలో వెళ్లిపోతే ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఇంత సైన్సు చదివి పల్లెలకు ఏం చేశాం అని ఆయన తోటి అధ్యాపకులను అడిగారు. అలా పుట్టిందే గ్రామీణ ప్రాంతాలకు శాస్త్ర సాంకేతికతల అన్వయం కోసం ఏర్పడిన విభాగం. దాని ఆంగ్ల పేరులోని పొడి అక్షరాలు కలిపితే ‘అస్త్ర’ అయింది. అప్పట్లో సంస్థ డైరెక్టర్‌గా ఉన్న సతీశ్ ధావన్ అండగా నిలిచారు. ఆ అండ చిన్న విషయం కాదు. సివిల్, మెకానికల్, కెమికల్ విభాగాల వాళ్లు తమ తమ ల్యాబ్‌లు వదిలి పల్లెబాట పడితే ‘ఇదేం రీసెర్చ్’ అనే వాళ్లు ఏ సంస్థలోనైనా ఉంటారు.

కర్ణాటకలోని తుమకూరు జిల్లా ఉంగ్రలో వాళ్లు విస్తరణ కేంద్రం పెట్టుకున్నారు. ముందుగా ఏ యంత్రమూ తయారు చేయలేదు, లెక్కలు తీశారు. చుట్టుపక్కల ఆరు గ్రామాల్లో ఇంటింటికీ వెళ్లి కట్టెలు ఎన్ని, నీళ్లు ఎన్ని, ఎవరు ఎంతసేపు పనిచేస్తున్నారు అని కొలిచారు. అందులో పుర అనే చిన్న ఊరు, 56 ఇళ్లు, 357 మంది జనం. ఆ ఊరి లెక్కలు చూస్తే ఈ రోజుకీ మనసు చివుక్కుమంటుంది. ఊరి ఇంధనంలో సింహభాగం కట్టెలే, వాటిలోనూ ఎక్కువ వంటకే పోతాయి. కట్టెల కోసం ఒక్కో కుటుంబం రోజుకు సగటున రెండున్నర గంటలు తిరగాలి, నీళ్లు మోయడానికి ఇంకో గంటన్నర. ఊరి మనుషులు చేసే శ్రమలో 53 శాతం ఆడవాళ్లది, 31 శాతం మగవాళ్లది, మిగతా 16 శాతం పిల్లలది. అప్పటిదాకా దేశంలో ఇంధనం అంటే బొగ్గు, పెట్రోలు, కరెంటు. ఆడవాళ్ల కాళ్ల నొప్పులు, బడి మానేసి పుల్లలేరే పిల్లలు ఇంధన లెక్కల్లోకి వచ్చింది ఈ సర్వేలతోనే అని నా అభిప్రాయం.

పని కూడా ఆ లెక్కల నుంచే పుట్టింది. కట్టె వేడిలో చాలా భాగం వృథాగా పోతున్న పాత పొయ్యి స్థానంలో మూడు గిన్నెలు ఒకేసారి పెట్టే, పొగగొట్టం ఉన్న ‘అస్త్ర ఒలె’ తయారైంది. కన్నడంలో ఒలె అంటే పొయ్యి. కె.ఎస్. జగదీశ్ వంటి సివిల్ ఇంజనీర్లు మట్టిలో కొద్దిపాటి సిమెంటు కలిపి, చేత్తో నొక్కే యంత్రంతో, బట్టీలో కాల్చకుండా ఇటుకలు చేసే పద్ధతిని తీర్చిదిద్దారు. బెంగళూరులో ఆ ఇటుకలతో కట్టిన ఇళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి.

అన్నిటికన్నా పాఠం నేర్పింది పురలోని సామూహిక గోబర్ గ్యాస్ ప్లాంటు. లెక్కల ప్రకారం ఊరి పెద్ద అవసరం వంట ఇంధనం కాబట్టి, ఊరందరి పేడతో గ్యాస్ తీసి ఇంటింటికీ వంటకు ఇద్దామనుకున్నారు. అందరి వంటకూ ఆ గ్యాస్ చాలలేదు. ఊరివాళ్లతో కూర్చుని మాట్లాడితే వాళ్లు ముందుగా అడిగింది మంచినీళ్లు, ఆ తర్వాత దీపాలు. దాంతో మొత్తం పథకాన్ని తిరగేశారు. గ్యాస్‌ను ఇంజనుకు ఎక్కించి, కొంచెం డీజిల్ కలిపి నడిపి, 5 కిలోవాట్ల జనరేటర్‌తో బోరు నుంచి నీళ్లు తోడి కుళాయిలకు, కరెంటు ఇళ్లలోని ట్యూబ్‌లైట్లకు ఇచ్చారు. 1987లో అది మొదలైంది. పేడ తెచ్చి ఇచ్చినవాళ్లకు తూకాన్ని బట్టి డబ్బు, గ్యాస్ తీసేశాక మిగిలిన మడ్డి తిరిగి పొలానికి ఎరువుగా. ఊరే నడుపుకున్న ఆ ఏర్పాటు సుమారు పదేళ్లు సాగి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో రెడ్డి తర్వాత దాపరికం లేకుండా రాశారు. అంత విపులంగా తమ పథకం ఆగిన తీరును రాసిన శాస్త్రవేత్తలు తక్కువ. సాంకేతికత ఒక్కటీ చాలదు, ఊరి రాజకీయం, ధరలు, పెత్తనం అన్నీ తెలియాలి అన్నది అందులోంచి తేలిన సంగతి. ఈ ఒక్క ప్లాంటులోనే కెమిస్ట్రీ, మెకానికల్, అర్థశాస్త్రం, సామాజిక శాస్త్రం ఉన్నాయి. ఏ ఒక్క విభాగానికీ అది పూర్తిగా సొంతం కాదు.

అదే ప్రాంగణంలో పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ చుట్టూ 1983లో పర్యావరణ శాస్త్రాల కేంద్రం ఏర్పడింది. అస్త్ర కాలక్రమంలో సుస్థిర సాంకేతికతల కేంద్రంగా మారింది.

రెండో కథ కోర్టులో మొదలైంది. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న తీర్పునిచ్చింది. సినిమా హాళ్లలో పర్యావరణ స్లైడ్లు వేయాలి, రేడియో, టీవీలు చెప్పాలి, బడి నుంచి కాలేజీ దాకా దీన్ని తప్పనిసరి సబ్జెక్టు చేయాలి అని అందులో ఉంది. పదేళ్లు గడిచినా సరిగా అమలు కాలేదు. మెహతా మళ్లీ కోర్టుకెక్కారు. 2003లో మళ్లీ ఆదేశాలు వచ్చాక యూజీసీ ఆరు నెలల ఉమ్మడి పాఠ్యప్రణాళికను అన్ని డిగ్రీ కోర్సులకూ తప్పనిసరి చేసింది.

ఆ సిలబస్‌ను తప్పుపట్టను. మొత్తం 50 క్లాసులు. వనరులు, జీవవైవిధ్యం, కాలుష్యం, చట్టాలు, జనాభా అన్నీ ఉన్నాయి. వంద మార్కుల్లో 25 ఫీల్డ్ వర్క్‌కే పెట్టారు: దగ్గర్లోని చెరువో కొండో చూడాలి, కాలుష్యం ఉన్న చోటికి వెళ్లాలి, ఊళ్లోని చెట్లూ పక్షులూ గుర్తుపట్టాలి. అయితే దానికి ఇచ్చింది 5 క్లాసుల సమయం. పురలో ఇంటింటి కట్టెలు తూచడానికి పట్టిన నెలలతో పోలిస్తే అదేపాటి? పైగా చాలా కాలేజీల్లో ఈవీఎస్‌కు ప్రత్యేక అధ్యాపకుడు లేడు. బోటనీ సారో కెమిస్ట్రీ మేడమో తమ క్లాసులతో పాటు దీన్నీ మోశారు. ఫీల్డ్ వర్క్ నాలుగు పేజీల రికార్డు అయింది, సీనియర్ రికార్డు చూసి జూనియర్ రాసుకున్నాడు.

ఇంజనీరింగ్ వైపు పరిస్థితి ఇంకా తేలికైంది. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ 2018 నమూనా సిలబస్‌లో పర్యావరణ శాస్త్రాన్ని తప్పనిసరి అన్నారు కానీ క్రెడిట్లు సున్నా. మన రాష్ట్రాల్లోని ఇంజనీరింగ్ విద్యార్థికి క్రెడిట్ లేని సబ్జెక్టు అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

2023 యూజీసీ ప్రణాళికలో వాతావరణ మార్పు, వ్యర్థాల నిర్వహణ, సుస్థిర అభివృద్ధి బాగానే చేరాయి. క్షేత్ర పరిశీలనా ఉంది. పాత ఆరు నెలల సిలబస్‌లోనూ ఉంది. అప్పుడు లేనిది అధ్యాపకుల పోస్టులు, విభాగాలు కలిసి పాఠం చెప్పే టైంటేబుల్, ఒకే ఊరితో కనీసం రెండు మూడేళ్లు సంబంధం పెట్టుకునే వీలు. అస్త్రకు ఉన్నవి సరిగ్గా ఇవే: వెనక నిలబడ్డ డైరెక్టరు, ఉంగ్రలో ఒక కేంద్రం, జీతం తీసుకుంటూ అక్కడే పనిచేసే మనుషులు. ఈ మూడింటికీ బడ్జెట్ కావాలి, దాన్ని ఇవ్వాల్సింది రాష్ట్ర ఉన్నత విద్యా మండళ్లు, విశ్వవిద్యాలయాలు. సిలబస్ పుస్తకం అచ్చు వేసినంత మాత్రాన ఆ ఖర్చు తప్పదు.