పాత ఇల్లు కొన్నారా? రంగుల కార్డు కాసేపు పక్కన పెట్టండి: అపోహలు - వాస్తవాలు

కాకినాడలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ పెయింటింగ్ కాంట్రాక్టులు చేయడం మొదలుపెట్టి 22 ఏళ్ళయింది. అంతకు ముందు మా నాన్న సున్నం వేసేవారు. ఈ మధ్య నాకు ఎక్కువగా వస్తున్న ఫోన్లు ఒకే రకం. "మేస్త్రి గారూ, పాత డాబా ఇల్లు కొన్నామండి. మాకిదే మొదటి ఇల్లు. ముందు వైపు ఫోటో పంపుతున్నాను, ఏ రంగు బాగుంటుందో చెప్పండి." నేను వెంటనే అడుగుతాను: బాత్రూమ్ బయటి గోడ ఫోటో ఉందా? పిట్టగోడ లోపలి వైపు? సజ్జల పైభాగం? అవతల కాసేపు మాట ఉండదు. పాపం, రంగు అడిగితే ఈయన బాత్రూమ్ అడుగుతున్నాడేంటి అనుకుంటారు.

అందుకే ఇది రాస్తున్నాను. లోన్ తీసుకుని, నగలు తాకట్టు పెట్టి ఇల్లు కొన్నవాళ్ళు రంగుల దగ్గర రెండుసార్లు డబ్బు పోగొట్టుకోవడం చూడలేకపోతున్నాను.

అపోహ: మంచి కంపెనీ వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేస్తే చెమ్మ ఆగిపోతుంది

ఆగదు. ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ ఇదే మాట వింటున్నాను. షాపులో చెప్పారంటారు, తోడల్లుడు చెప్పాడంటారు, వీడియోలో చూశామంటారు.

వాటర్‌ప్రూఫ్ పెయింట్ బయట కొట్టే వాన గోడలోకి ఇంకకుండా చూస్తుంది. దాని పని అంతే. నీళ్ళు గోడ లోపలి నుంచో, పునాది నుంచో వస్తుంటే, ఆ రంగు పొర నీటికి బయటికి పోయే దారి మూసేస్తుంది. ఇటుకలో, ఇసుకలో ఉన్న ఉప్పు ఆ తడితో పాటు పైకొచ్చి రంగు వెనక తెల్లటి పిండిలా పేరుకుంటుంది. పేరుకున్న ఉప్పు పొరను తోస్తుంది. ముందు చిన్న బుడగలు వస్తాయి, ఆ తర్వాత అట్టలు అట్టలుగా ఊడుతుంది. మన వైపు దీన్నే గోడ చౌడు పట్టింది అంటారు. పొర గట్టిదయ్యేకొద్దీ ఊడే పెచ్చు కూడా పెద్దదే.

పాత సున్నం గోడలకు ఈ బాధ తక్కువగా ఉండేది. సున్నం తడిని పట్టి ఉంచదు, బయటికి వదిలేస్తుంది. సున్నం గారతో కట్టిన పాత పెంకుటింటి గోడ మీద సిమెంటు ప్లాస్టరింగు చేయించి, పైన లప్పం (పుట్టీ) పెట్టి, ఎమల్షన్ (నీళ్ళు కలిపి వేసే ప్లాస్టిక్ రంగు) వేయించినవాళ్ళు రెండో వానాకాలానికే నాకు ఫోన్ చేస్తారు.

పోయిన ఏడాది సంగతి చెబుతాను. రామారావుపేట వైపు 1986లో కట్టిన డాబా ఇల్లు. ఆమె టీచరు, ఆయనది పోర్టులో ఉద్యోగం. ఇల్లు కొన్నప్పుడు లేత క్రీమ్ రంగుతో తళతళలాడుతోంది. వాళ్ళకు ఆ క్రీమ్ నచ్చలేదు, ఫోన్లో చూసిన ముదురు గ్రే కావాలన్నారు. నేను వెళ్ళి పడమటి గోడను వేలి కణుపుతో కొట్టుకుంటూ నడిచాను. టక్ టక్‌మని వస్తున్న చప్పుడు, వెనక మూల దగ్గర డుబ్ డుబ్‌మని మారింది. డొల్ల. అయిదు రూపాయల బిళ్ళ అంచుతో గీకితే క్రీమ్ పొర కాగితంలా లేచి వచ్చింది. దాని కింద మందంగా లప్పం. చేతిలోకి తీసుకుంటే తడి పిండిలా ఉండకట్టింది. ఇంకా గీకితే పిస్తా రంగు స్నోసెం (పాతకాలపు సిమెంటు రంగు), ఆ కింద నీలిమందు కలిపిన సున్నం.

"అమ్మినవాళ్ళు మోసం చేశారా అండీ?" అంది ఆమె. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. కాదమ్మా, అమ్మే ముందు రంగు వేయించడం అందరూ చేసేదే అన్నాను. కొనేవాళ్ళు గుర్తు పెట్టుకోవాల్సింది ఏంటంటే, అమ్మకానికి ముందు వేసిన రంగుకు ఒక్క వానాకాలం కూడా గడవలేదు. దాన్ని చూసి గోడ బాగుందని అనుకోకండి.

ఆ ఇంట్లో నీళ్ళు రెండు చోట్ల నుంచి వస్తున్నాయి. డాబా మీద వాన నీళ్ళు పోయే తూము దగ్గర పగులు ఒకటి, బాత్రూమ్ కింద నీళ్ళు పోయే పైపు అతుకు (ట్రాప్ జాయింట్) ఒకటి. పాత ఇళ్ళలో వెతకాల్సిన చోట్లు దాదాపు ఇవే: పిట్టగోడా శ్లాబూ కలిసే మూల, సజ్జ పైన నీళ్ళు నిలిచే చోటు, గోడలో పోయే పైపులు, ఎత్తు పెంచిన వీధి. ఈ చివరిది చాలామంది పట్టించుకోరు. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతే 40 ఏళ్ళ నాటి ఇంటి గోడ కింద ముప్పావు అడుగు దాకా మట్టిలో ఉంటుంది. నేల నుంచి తడి ఎక్కుతూనే ఉంటుంది.

మీరే చూసుకోవచ్చు. అడుగు చదరం ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపుతో గోడకు గట్టిగా అంటించండి. ఒకటి రెండు రోజులు ఉంచి తీయండి. గోడ వైపు నీటి చెమ్మ కనిపిస్తే ఆ గోడకు రంగు వేసే టైం ఇంకా రాలేదు.

ఇక చేయాల్సిన పని ఇది. ముందు నీళ్ళు వచ్చే చోటు బాగుచేయించాలి. తడి గుర్తుకు పైన ఇంకో అడుగు వరకు పాత ప్లాస్టరింగు ఇటుక కనిపించేదాకా కొట్టించాలి. ఇటుకను ఆరనివ్వాలి. కొత్త ప్లాస్టరింగుకు వారం రోజులు నీళ్ళు పట్టాలి. ఆ తర్వాత ఆరబెట్టాలి. ప్లాస్టరింగు చేసిన రోజు నుంచి కనీసం 28 రోజులు గడవనిదే ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) డబ్బా మూత తీయొద్దు. పచ్చి సిమెంటులో క్షారం ఎక్కువ, అది రంగును మచ్చలు మచ్చలుగా వెలిసిపోయేలా చేస్తుంది.

నేను చిన్నప్పుడు, అంటే సొంతంగా పట్టుకున్న రెండో కాంట్రాక్టులో, ఇదే తప్పు చేశాను. ఇంటాయన పెళ్ళి ఉంది త్వరగా కానివ్వమన్నాడు, నేను సరేనన్నాను. పెళ్ళి బాగానే అయింది. శ్రావణం వచ్చేసరికి హాలు బయటి గోడ మొత్తం ఉబ్బింది. గీకడానికి, మళ్ళీ వేయడానికి నా జేబులోంచి కూలి ఇచ్చుకున్నాను. మా నాన్న వచ్చి చూసి "గోడ ఆరిందా అని నన్నొక్క మాట అడగాల్సింది కదరా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుర్తే.

ముహూర్తం టెన్షన్ అందరికీ ఉంటుంది, కాదనను. ఆ టీచరమ్మ వాళ్ళకు కార్తీకంలో గృహప్రవేశం. గేటుకు, తలుపులకు, వరండా లోపలికి రంగులు వేసి ఇచ్చాను. పడమటి గోడ ఒట్టి ప్లాస్టరింగుతోనే ఉంది. మామిడి తోరణాలు కట్టారు, పాలు పొంగించారు. చుట్టాలు ఆ గోడ సంగతి అడిగితే ఆమె "ఆరుతోందండీ" అని చెప్పింది. మన కోస్తాలో అక్టోబరు, నవంబరు వానలు ఎలాగూ వదలవు. సంక్రాంతి దాటాక రంగు వేశాం.

అపోహ: ముందు వైపు కొత్త ఎలివేషన్ పెట్టేస్తే పాత ఇల్లు కొత్తదైపోతుంది

చెమ్మ తర్వాత జనం డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. 1980ల ఇంటికి సజ్జలు కొట్టేసి, ముందు వైపు పెద్ద డబ్బాలా గోడ లేపి, టైల్సో షీట్లో అంటిస్తున్నారు. సజ్జ పాత ఫ్యాషన్ అనుకోకండి. కిటికీ మీద వాన పడకుండా, మధ్యాహ్నం ఎండ గదిలోకి రాకుండా ఆపేది అదే. సజ్జ తీసేసిన ఇళ్ళలో మరుసటి వానకే కిటికీ చట్రం చుట్టూ నీటి చారలు చూశాను. టైల్స్ చెమ్మను ఆపవు కూడా. తడి వాటి వెనకే ఎక్కి, టైల్ అంచు దాటాక పైన కనిపిస్తుంది. పాత పిట్టగోడ మీద బరువు పెట్టాలంటే ముందు ఇంజినీరు చూడాలి. పెచ్చు ఊడి ఇనుము తుప్పుతో కనిపిస్తున్నా, ఇటుకల వెంట మెట్లు మెట్లుగా పగులు పాకినా అంతే, ఇంజినీరు చూశాకే నేను పని మొదలుపెడతాను.

పాత డాబా ఇంటి అందం దాని అడ్డగీతల్లో ఉంటుంది: సజ్జ అంచు, పిట్టగోడ పట్టీ, బేస్‌మెంట్ గీత. వాటిని ఒక రంగులో, గోడను ఇంకో రంగులో, తలుపులు గ్రిల్స్ మూడో రంగులో వేస్తే చాలు. నాలుగో రంగు దగ్గర చాలా ఇళ్ళు చెడతాయి. సజ్జ కింద అంచున వేలిమందం గాడి ఉందో లేదో చూడండి. పాత మేస్త్రీలు అది తప్పకుండా పెట్టేవారు, వాన నీళ్ళు గోడ మీదికి పాకకుండా అక్కడే చుక్కలుగా రాలిపోవడానికి. రంగులు వేసేటప్పుడు ఆ గాడిని లప్పంతో పూడ్చేస్తున్నారు. దయచేసి పూడ్చనివ్వకండి.

అపోహ: కార్డులో, ఫోన్లో నచ్చిన రంగు గోడ మీద కూడా అలాగే ఉంటుంది

ఎండ పడే గోడ మీద రంగు కార్డులో కన్నా వెలిసినట్టు కనిపిస్తుంది, నీడ గోడ మీద అదే రంగు ముదురుగా. శాంపిల్ తెప్పించి, మూడడుగుల చదరం రెండు గోడల మీద రెండు కోట్లు వేయించండి. ఒకరోజు ఆరాక ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం చూడండి. మీరు మార్చలేనివి ఏవో వాటి పక్కన పెట్టి చూడండి: బేస్‌మెంట్ రాయి, వరండా ఎర్ర గచ్చు, టేకు తలుపు.

ఆ టీచరమ్మ ఇంటి పడమటి గోడకు మూడు శాంపిళ్ళు పెట్టాను. ముదురు గ్రే, లేత చందనం రంగు, తెలుపు. సాయంత్రం నాలుగున్నరకు ఆమెను ఒక చెయ్యి గ్రే మీద, ఒక చెయ్యి చందనం మీద పెట్టమన్నాను. గ్రే మీది చెయ్యి వెంటనే తీసేసింది. అది జనవరి నెల. మే నెలలో ఆ గోడ వెనక ఉన్న పడకగది సంగతి నేను చెప్పనక్కర్లేకపోయింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఈ లెక్కతోనే, తెల్లటి పైకప్పు ఎండను వెనక్కి కొడుతుందని. ముదురు రంగంటే మీకు ఇష్టమైతే ఉత్తరం వైపో, వరండా లోపలి గోడకో వేసుకోండి.

వాళ్ళు చివరికి గోడకు చందనం తీసుకున్నారు. సజ్జలకు ఏం వేయాలో తేలక, వెనక మూలలో నేను బిళ్ళతో గీకిన చోటు చూశాం. ఆ పాత పిస్తా! షాపులో రంగులు కలిపే మెషీన్ మీద దానికి దగ్గర షేడ్ కలిపించాం. పాతవాళ్ళు తెలిసే వేశారనిపించింది, ఎర్ర గచ్చు పక్కన అంత బాగా కుదిరింది. కింద అడుగున్నర ఎత్తు జాజు (ఎర్రమట్టి) రంగు పట్టీ. మన పల్లెల్లో గోడ అడుగున జాజు పూసేది అందం కోసమే కాదు, వానకు చిందే మట్టి మరకలు అందులో కలిసిపోతాయి.

మిగతావి త్వరగా

ఎండకు అన్ని రంగులూ ఒకేలా వెలుస్తాయనుకుంటారు. కాదు. మిరపపండు ఎరుపు, నిమ్మపండు పసుపు, ఊదా త్వరగా పోతాయి. జాజు, గోపీచందనం, ఇటుక లాంటి మట్టి రంగులు నిలబడతాయి, వాటిలో ఉండేవి ఖనిజపు రంగులు.

బయటి గోడకు నున్నగా లప్పం పెట్టాల్సిందే అంటారు. అక్కర్లేదు. గుంటలున్న చోట సిమెంటు లప్పం చాలు. లోపలి గోడలకు వాడే యాక్రిలిక్ లప్పం బయట వాడితే వానకు నానుతుంది.

పాత స్నోసెం మీద నేరుగా ఎమల్షన్ వేయొచ్చంటారు. అరచేత్తో రుద్దండి, పొడి అంటితే పొర నిలవదు. గీకించి, కడిగించి, ప్రైమర్ వేయించండి. నల్లగా నాచు పట్టిన చోట గీకితే చాలదు, నాచు చంపే మందు పూసి కడగాలి.

వాస్తు రంగుల గురించి నేను వాదించను. మీ పంతులు గారు పసుపు అంటే పసుపులో నిలబడే షేడ్ చూపిస్తాను. నమ్మకం మీది, షేడ్ ఎంపిక నాకు వదలండి.

ఒక్కటి మాత్రం త్వరగా దాటను. పాత గ్రిల్స్, కిటికీల మీది ఎనామిల్‌ను పొడిగా రుద్దించకండి. మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లో ఉంది. అంతకు ముందు వేసిన పొరల్లో ఎంత ఉందో చూసి చెప్పలేం. తడిపి రుద్దించండి, కింద ప్లాస్టిక్ పరిపించి ఆ పొడిని మూటకట్టించండి. చిన్నపిల్లలు, గర్భిణులు ఆ రెండు రోజులు వేరే చోట ఉంటే మంచిది.

పని మొదలయ్యాక బకెట్లన్నీ ఒకేసారి తెప్పించి, ఒకే గోడకు వాడేవి కలిపించండి. రెండు కోట్లకు లీటరుకు సుమారు 50 నుంచి 60 చదరపు అడుగులు వస్తుంది, గరుకు గోడైతే ఇంకా తక్కువ. నీళ్ళు డబ్బా మీద రాసినంతే కలపాలి, ఆ కలిపేటప్పుడు మీరు దగ్గరుండండి. అయిపోయాక అర లీటరు మూత గట్టిగా బిగించి దాచుకోండి. కంపెనీ, షేడ్ కోడ్, బేస్ (షేడ్ కలపక ముందు డబ్బాలో ఉండే రంగు రకం), తేదీ, ఈ నాలుగూ మీటరు బోర్డు తలుపు లోపల మార్కర్‌తో రాయండి. అయిదేళ్ళ తర్వాత ఒక్క సజ్జకే రంగు వేయాల్సి వస్తే, వచ్చిన మేస్త్రి ముందు అడిగేది అదే.