భుజం పట్టేస్తారా, మాస్టర్?

అమీర్‌పేటలో హాస్టళ్ల మధ్య సందులో 22 ఏళ్లుగా కుట్టుమిషన్ తొక్కుతున్నాను. వారానికి ఒక్కసారైనా ఈ సీను తప్పదు. రాత్రి షట్టర్ సగం దించాక ఓ కుర్రాడు వంగి లోపలికి తొంగిచూస్తాడు. చేతిలో కొత్త కవరు.

"మాస్టర్, రేపు పొద్దున్నే ఇంటర్వ్యూ. సూటు కొన్నా. భుజాలు జారుతున్నాయి, కొంచెం పట్టేస్తారా?"

పట్టలేను నాయనా. కోటు భుజం తగ్గించాలంటే చెయ్యి మొత్తం విప్పాలి, లోపలి లైనింగు ఊడదీయాలి, ఒక్కోసారి కాలరు కూడా కదపాలి. అంతా చేశాక కూడా కుదురుతుందన్న నమ్మకం లేదు. ఈ మాట చెప్పగానే ఆ పిల్లాడి మొహం వాడిపోతుంది. ఇంటి దగ్గర అడిగి తెప్పించుకున్న డబ్బులవి. ఆఫీసు బట్టల మీద జనంలో ఉన్న ఇలాంటి అపోహలు కొన్ని చెప్తాను.

అపోహ: ఇంటర్వ్యూకి సూటు లేకపోతే లెక్కచెయ్యరు

జనం డబ్బు ఎక్కువగా తగలేసేది దీనివల్లే. "మొదటి ఏడు సెకన్లలోనే డిసైడైపోతారు", "నేవీ బ్లూ వేస్తే సెలక్షన్ గ్యారంటీ" అని వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. ఆ ఏడు సెకన్లూ వాచీ పట్టుకుని ఎవరు లెక్కపెట్టారో పంపినవాణ్ణే అడగండి. మా సందులోంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకి వెళ్లినవాళ్లలో కోటు వేసుకెళ్లింది కొద్దిమందే. ప్రశ్నలడిగేవాళ్లే టీషర్టుల్లో కూర్చున్నారని తిరిగొచ్చి నవ్వుతూ చెప్పినవాళ్లు బోలెడుమంది. హోటళ్లు, విమానాల ఉద్యోగాల సంగతి వేరు. అనుమానం ఉంటే పిలిచినవాళ్లకే ఫోన్ చేసి అడగండి, ఎవరూ తప్పుపట్టరు.

సూటు మీద నాకు పగేం లేదు, కుడితే నాలుగు రాళ్లు వచ్చేది నాకే. ఒంటికి అలవాటు లేని బట్టని అసలు రోజునే మొదటిసారి తొడుక్కోవడంతోనే వస్తుంది చిక్కు. తక్కువ ధర రెడీమేడ్ కోట్లలో ఎదభాగం లోపల గట్టిదనానికి పెట్టే గుడ్డని కుట్టరు, వేడితో అతికిస్తారు. ఫ్యూజింగ్ అంటాం. ఇంట్లో నీళ్లలో ఉతికినా, ఇస్త్రీపెట్టె బాగా కాలాక అదిమినా ఆ జిగురు ఊడి, ఎద మీద అప్పడం పొంగినట్టు బుడగలు లేస్తాయి. మళ్లీ దాన్ని సాపు చెయ్యడం నావల్ల కాదు. దానికి తోడు పాలిస్టర్ లైనింగు. ఏప్రిల్లో మెట్రో దిగి పది నిమిషాలు నడిచి చూడండి, తెలుస్తుంది.

కొత్త కోటు వెనక చీలిక దగ్గర ఇంటూ గుర్తులా ఓ కుట్టు ఉంటుంది. షాపులో నలగకుండా వేసిన కుట్టది, కోసెయ్యాలి. చేతి మీద కుట్టిన బ్రాండు పట్టీ కూడా అంతే. ఒకాయన అది తియ్యనివ్వలేదు. "అదే కదా మాస్టర్ కనపడాల్సింది!" సరే అని వదిలేశాను.

కొన్నేళ్ల కిందట శ్రీకాకుళం వైపు కుర్రాడొకడు బావగారి పెళ్లి సూటు పట్టుకొచ్చాడు. బావగారి సైజు 42, వీడిది 38. వేసుకుని అద్దం ముందు నిలబడితే కోటే ఇంటర్వ్యూకి వెళ్తున్నట్టుంది. రోజూ ఏం వేసుకుంటావని అడిగాను. ఒంటి మీదున్న లేత నీలం చొక్కానే చూపించాడు. టెర్రీకాటన్, రంగు బాగానే ఉంది. విప్పించి బనీనుతో స్టూలు మీద కూర్చోబెట్టాను. పక్కలు రెండువైపులా పట్టాను. చేతులు బొటనవేలి మొదలు దాకా వస్తున్నాయి, కఫ్ విప్పి మణికట్టు ఎముక దగ్గరికి తెచ్చాను. వేలాడుతున్న రెండు గుండీలు తీసి గట్టిగా కుట్టాను. ప్యాంటు అడుగు మడత విప్పి అంగుళంన్నర పైకి మడిచాను, బూటు మీద కుప్పపడకుండా. ముప్పావుగంట పని, 120 రూపాయలు తీసుకున్నా.

ఆ ఉద్యోగం రాలేదు. చొక్కా చూసి ఉద్యోగం ఎవరిస్తారు? కానీ వాడు మర్నాడు సాయంత్రం వచ్చి ఒక మాట చెప్పాడు. "మాస్టర్, లోపలున్న అరగంటా బట్టల సంగతే గుర్తురాలేదు." ఆఫీసు బట్టలకి ఇంతకన్నా పెద్ద సర్టిఫికెట్ నాకు తెలీదు. మూడో ఇంటర్వ్యూకి అదే చొక్కా వేసుకెళ్లాడు, వచ్చింది.

కాబట్టి రెడీమేడ్ ఏది కొన్నా ముందు భుజం చూడండి. కుట్టు మీ భుజం ఎముక చివర కూర్చోవాలి. కాలరు గుండీ పెట్టాక రెండు వేళ్లు దూరాలి. పొడవు, నడుము, చేతులు నేను చూసుకుంటాను.

అపోహ: చంక కిందికి దింపితే చెయ్యి హాయిగా ఆడుతుంది

చంక అంటే బట్టకి చెయ్యి అతికే గుండ్రటి కోత. ఇది ఆడవాళ్లూ మగవాళ్లూ సమానంగా నమ్మేది. ఒక లెక్చరర్ మేడమ్ ప్రతి జాకెట్టుకీ "చంక లూజుగా, కిందికి దించండి" అనేవారు. బోర్డు మీద రాద్దామని చెయ్యెత్తితే జాకెట్టు మొత్తం పైకి లేచి నడుము కనపడేది. క్లాసులో ఎడమ చేత్తో కిందికి లాక్కుంటూ రాసేవారట, ఎన్నేళ్లో. ఈసారి పైకి పెడతాను, నచ్చకపోతే కూలి వద్దన్నాను. చంక పైకి ఉంటే చెయ్యి ఒక్కటే లేస్తుంది, ఒంటి భాగం కదలదు. కింద ఉంటేనే చేతితోపాటు మొత్తం ఈడ్చుకొస్తుంది. ట్రయల్లో చెయ్యెత్తి, దించి, మళ్లీ ఎత్తారు. నాతో ఏమీ అనలేదు. మర్నాడు పాత జాకెట్లు ఆరు తెచ్చి బల్ల మీద పడేశారు. దింపిన చంకని పైకి ఎలా తేనమ్మా, గుడ్డ ఏదీ? ఆ ఆరింటికీ నేనేం చెయ్యలేకపోయాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను. "నాది 40 సైజు" అని ధీమాగా ఉండకండి, ఒక కంపెనీ 40 ఇంకో కంపెనీ 40కి సరిపోదు. లావుగా ఉన్నవాళ్లకి నలుపే దిక్కని చెప్పేవాళ్ల మాట వినకండి, వదులు నల్లచొక్కాలో ఇంకా లావు కనపడతారు. చేనేత ఆఫీసుకి పనికిరాదన్నది శుద్ధ అబద్ధం. మంగళగిరి కాటన్‌తో కుట్టిన ఫుల్‌హ్యాండ్స్ చొక్కా మీటింగులో ఎవరికీ తీసిపోదు. కాకపోతే గుడ్డని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి అప్పుడు నా దగ్గరికి తీసుకురండి. లేకపోతే మొదటి ఉతుకుకే చేతులు కురచవుతాయి, తిట్లు నాకు.

ఇక "పని వచ్చినవాడికి ఈ సోకులెందుకు" అనే పెద్దమనుషులున్నారు. వాళ్లలో సగంమంది జేబు గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకుని నా దగ్గరికే వస్తారు.

ఆ శ్రీకాకుళం కుర్రాడు తన లేత నీలం చొక్కా కొలతకి ఆదిగా నా దగ్గరే వదిలేశాడు. ఇప్పుడు బెంగళూరులో ఉంటాడు. గుడ్డ కొని పంపుతాడు, నేను ఆ ఆది చూసి కుట్టి కొరియర్ చేస్తాను. మొన్న ఫోన్ చేశాడు. "మాస్టర్, అన్నీ అలాగే ఉంచండి. నడుం దగ్గర మాత్రం రెండంగుళాలు వదలండి."