చలిపొద్దున 14.7 వోల్టులు

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. చలిగా ఉన్న ఉదయం కారు స్టార్ట్ చేసి బ్యాటరీకి మల్టీమీటర్ పెడితే 14.7 వోల్టులు చూపించిందనీ, మధ్యాహ్నం అదే కారులో 13.9 మాత్రమే ఉందనీ, వీటిలో ఏది తప్పో చెప్పమనీ రాశారు. రెండూ ఒప్పే. అయితే నా మాట మీద నమ్మకం కుదరాలంటే తాళం తిప్పిన క్షణం నుంచి జరిగేదంతా వరసగా తెలియాలి కనుక కాస్త ఓపికగా చదవండి.

12 వోల్టుల బ్యాటరీ అని మనం పిలిచే ఆ పెట్టెలో ఆరు గదులుంటాయి. నిండా ఛార్జయి, కొన్ని గంటలు ఊరికే ఉన్నాక ఒక్కొక్క గది సుమారు 2.1 వోల్టులు, అన్నీ కలిసి 12.6 వోల్టులు చూపిస్తాయి. లోపలి సీసపు పలకలకూ నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లానికీ మధ్య జరిగే రసాయన చర్య చలిలో మందగిస్తుంది. సరిగ్గా అప్పుడే ఇంజన్ ఆయిల్ కూడా చిక్కబడి, ఇంజన్‌ను తిప్పడం బరువవుతుంది. ఇచ్చే చెయ్యి బిగుసుకున్న పూటే అడిగేది ఎక్కువవుతుందన్నమాట. అందుకే స్టార్టర్ మోటారు తిరుగుతున్నంతసేపూ మీటరులో అంకె 10 దగ్గరికి పడిపోతుంది. ఇంజన్ అందుకోగానే, దాంతో పాటు తిరుగుతూ విద్యుత్తు పుట్టించే ఆల్టర్నేటర్ వల్ల అది 14 దాటుతుంది. కొన్ని కార్లలో మాత్రం కొన్ని సెకన్లు ఆగి, ఆ తర్వాత మెల్లగా ఎక్కుతుంది. అప్పుడే మేలుకున్న ఇంజన్ మీద ఒక్కసారిగా బరువు వేయకూడదని, ఆల్టర్నేటర్ వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్ కావాలనే చేసే జాప్యం అది.

స్టార్ట్ చేయడానికి బ్యాటరీ బాగా ఖర్చయింది కాబట్టి ఆల్టర్నేటర్ ఎక్కువ వోల్టేజి ఇస్తోందని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూడండి. మోటారు 250 ఆంపియర్ల చొప్పున రెండు సెకన్లు లాగిందనుకుందాం. అది 500 ఆంపియర్-సెకన్లు, 3600తో భాగిస్తే దాదాపు 0.14 ఆంపియర్-గంటలు. 45 ఆంపియర్-గంటల బ్యాటరీకి ఇది కుండలోంచి చెంబెడు నీళ్లు తీసినంత కూడా కాదు. అసలు కారణం చలి. చల్లగా ఉన్న బ్యాటరీ ఛార్జిని సులభంగా లోపలికి తీసుకోదు, దానికి కొంచెం గట్టిగా తోయాలి. ఒక్కో డిగ్రీ సెల్సియస్ తగ్గినకొద్దీ ఆరు గదులకూ కలిపి 0.02 వోల్టుల వరకు ఎక్కువ కావాలి. 25 డిగ్రీల దగ్గర 14.2 సరిపోయే బ్యాటరీకి సున్నా డిగ్రీల దగ్గర 14.7 అవసరమవుతుంది. వేడెక్కిన బ్యాటరీకి కూడా అదే 14.7 ఇస్తూ పోతే లోపలి నీరు హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోయి తగ్గిపోతుంది, పలకలు త్వరగా చెడిపోతాయి.

ఈ హెచ్చుతగ్గులు చూసుకునేది రెగ్యులేటర్. ఆల్టర్నేటర్‌లో తిరిగే తీగచుట్టకు కాస్త విద్యుత్తు ఇస్తే అది అయస్కాంతమవుతుంది. దాని చుట్టూ ఉన్న తీగల్లో పుట్టిన విద్యుత్తును డయోడ్లు ఒకే దిశలో పారేటట్టు చేసి పంపుతాయి. తిరిగే చుట్టకు వెళ్లే ఆ కాస్త విద్యుత్తును పెంచీ తగ్గించీ రెగ్యులేటర్ బయటి వోల్టేజిని అదుపులో ఉంచుతుంది. తమాషా ఏమిటంటే, చాలా కార్లలో అది ఆల్టర్నేటర్ వెనక భాగంలోనే కూర్చుని, బ్యాటరీ వేడిని కాక తన ఒంటి వేడినే కొలుచుకుంటుంది. అందుకే బయలుదేరిన కాసేపటికి, బ్యాటరీ ఇంకా చల్లగా ఉన్నా, వోల్టేజి దిగడం మొదలవుతుంది.

ఇది తెలియక వయసులో ఉన్నప్పుడు నేనూ తప్పు చేశాను. ఒక చలి ఉదయం 14.8 చూసి, రెగ్యులేటర్ పోయిందని తీర్మానించి, పనిగట్టుకుని కొత్తది వేయించాను. మర్నాడు ఉదయం చూస్తే అదే 14.8! ఏ లోపమూ లేని ఆ పాత రెగ్యులేటర్ ఇప్పటికీ నా పనిముట్ల పెట్టెలో ఉంది.

మరి లోపం ఎప్పుడనుకోవాలి? ఇంజన్ బాగా వేడెక్కాక కూడా 15 దాటి నిలిచిపోతే రెగ్యులేటర్‌ను అనుమానించాలి. లైట్లు వేసినప్పుడు 13 దగ్గరికి జారి, ఇంజన్ వేగం పెంచినా లేవకపోతే ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టు వదులైందో, తిరిగే చుట్టకు విద్యుత్తు అందించే బ్రష్‌లు అరిగాయో చూడాలి. కంప్యూటర్ అదుపులో నడిచే కొత్త ఆల్టర్నేటర్లు ఇంధనం ఆదా కోసం తామే వోల్టేజి తగ్గిస్తాయి కాబట్టి వాటికి ఈ కొలత సరిపోదు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసి ఆల్టర్నేటర్‌ను పరీక్షించే పాత అలవాటు మాత్రం మీకు వద్దు. ఆ క్షణంలో వోల్టేజి ఒక్కసారి ఎగిసి, ఎలక్ట్రానిక్ భాగాలను కాల్చేయగలదు.

ఇంకో మాట. చల్లటి బ్యాటరీ నెమ్మదిగా నిండుతుంది గనుక అయిదు నిమిషాలు ఇంజన్‌ను ఊరికే తిప్పి ఆపేస్తే, లైట్లూ అద్దాల హీటరూ వాడుకున్నది పోను దానికి మిగిలేది అంతంతమాత్రమే.

ఈసారి అంకెలు పంపేటప్పుడు ప్రతి అంకె పక్కనా బయటి ఉష్ణోగ్రతా, స్టార్ట్ చేసి ఎన్ని నిమిషాలైందో కూడా రాయండి. మీటరు పెట్టేటప్పుడు వదులు చేతుల చొక్కాలు బెల్టు దగ్గరికి రానీయకండి.

మీ
తాతయ్య