నల్ల తెర మీద తిరగబడిన షాలోమ్

ఒంగోలులో పాస్టర్ చదువు చదువుతున్న మా పిన్ని కొడుకు, పాత నిబంధనను మూలభాషలోనే చదవాలని హీబ్రూ మొదలుపెట్టాడు. ఈ తీరంలో వేదాంత చదువు కొత్తేం కాదు, రామాయపట్నంలో బాప్టిస్టు మిషన్ సెమినరీ 19వ శతాబ్దం నాటిది. వాడి దగ్గరున్నది పాత కంప్యూటర్, అందులో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. మౌస్ పనిలేని నల్ల తెర, అదే కన్సోల్, మీద ‘షాలోమ్’ అని కొట్టాడు. హీబ్రూను కుడి నుంచి ఎడమకు రాస్తారు. నాలుగు అక్షరాలూ పడ్డాయి, తిరగబడి. కుడి చివర ఉండాల్సిన మొదటి అక్షరం షీన్ ఎడమ చివరకు పోయింది. మాట ముగిసేచోట మాత్రమే రాసే చివరి అక్షరం, మూతపడిన మేమ్, కుడి అంచుకొచ్చింది. అంటే చదివేవాడి కంటికి ముందు తగిలేది అదే. ఏ సెట్టింగ్ చెడగొట్టానో అని రాత్రంతా టెన్షన్ పడ్డాడు. తప్పు వాడిది కానే కాదు.

కన్సోల్ పద్ధతి 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ అనే డిస్‌ప్లే పద్ధతి నాటిది. తెరంతా గళ్లు, గడికో అక్షరం. ఫాంటులో 256 బొమ్మలు పడతాయి, కొన్ని రంగులు వదులుకుంటే 512. హీబ్రూకి అది చాలు: 22 అక్షరాలు, పదాంత రూపాలు 5. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఉంటుంది, ఈ 27 కోసం మూడు రకాల నంబర్లు వాడారు. పాత 7 బిట్ల కోడ్‌లో ఇంగ్లిష్ చిన్నక్షరాల స్థానంలో 96 నుంచి, డాస్‌లో 128 నుంచి, ఐఎస్ఓ 8859-8 అనే ప్రామాణిక కోడ్‌లో 224 నుంచి. ఒకచోట రాసింది ఇంకోచోట తెరిస్తే గజిబిజే. అను ఫాంట్ లేని సిస్టమ్‌లో డీటీపీ ఫైల్ తెరిచినవాళ్లకు ఈ బాధ తెలుసు.

అన్ని భాషల అక్షరాలకూ ఒకే నంబర్ల పట్టికైన యూనికోడ్‌తో ఆ గొడవ తగ్గింది. ఇప్పుడు సెట్‌ఫాంట్ కమాండ్‌తో అక్షరాల బొమ్మలు, లోడ్‌కీస్ కమాండ్‌తో కీబోర్డు మీటలు మార్చుకోవచ్చు. దిక్కు మాత్రం మారదు. వచ్చిన అక్షరాన్ని వచ్చిన వరసలో ఎడమ నుంచి పేర్చడమే కన్సోల్‌కు తెలుసు. అందుకే ఒకప్పుడు చాలామంది హీబ్రూను తిప్పి రాసి, అలాగే దాచారు. ఇప్పుడు బిడివ్ లాంటి ప్రోగ్రామ్ ఫైల్‌ను ముట్టుకోకుండా, చూపించేటప్పుడు మాత్రమే తిప్పుతుంది. మావాడికి అదే పెట్టించాను.

బైబిల్ పాఠంలో అక్షరం కిందా పైనా వచ్చే అచ్చు చుక్కలు, నిక్కుద్, మాత్రం ఆ గడిలో అతకవు. వాటికోసం గ్రాఫిక్స్ తెరకు వెళ్లాల్సిందే. మన తెలుగుకైతే మొదటి అడుగు నుంచే ఆ దారి తప్పదు, ‘స్త్రీ’ ఒక్కటీ ఆ గడిలో పట్టదు మరి.