సెర్చ్ ఇంజిన్ క్రాలర్లకు అనుమతులు: అపోహలు – వాస్తవాలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లోని కాలేజీలు, రైస్ మిల్లులు, చేనేత వస్త్రాల దుకాణాల వెబ్‌సైట్లను, వాటి వెనుక పనిచేసే అప్లికేషన్లను సర్వర్ల మీద నడిపించడం నా వృత్తి. ‘మా సైటు గూగుల్‌లో ఎందుకు కనిపించడం లేదు’ అని కొందరు, ‘కనిపించకూడని పేజీ ఎందుకు కనిపిస్తోంది’ అని మరికొందరు అడుగుతారు. చాలాసార్లు ఈ రెండు ప్రశ్నలకూ మూలం ఒకటే. క్రాలర్, అంటే సెర్చ్ ఇంజిన్ తరఫున సైట్లను తిరిగి చూసే ప్రోగ్రాము, ఒక పేజీని తెరిచి చదవడం ఒక పని. చదివినదాన్ని సెర్చ్ ఇంజిన్ తన ఇండెక్స్‌లో, అంటే ఫలితాలు చూపేందుకు దాచుకునే జాబితాలో, చేర్చుకోవడం వేరొక పని. ఆ పేజీని తెరిచే హక్కు ఎవరికి ఉందో నిర్ణయించడం మూడో పని. ఈ మూడింటినీ, క్రాలర్ల కోసం సైటులో పెట్టే రోబోట్స్ టెక్స్ట్ (robots.txt) అనే ఒక్క చిన్న ఫైలు చూసుకుంటుందన్న నమ్మకం దగ్గరే చిక్కు మొదలవుతుంది.

అపోహ: రోబోట్స్ టెక్స్ట్ ఫైలులో ‘డిస్‌అలౌ’ (తెరవవద్దు) అని రాస్తే ఆ పేజీ గూగుల్‌లో కనిపించదు.

వాస్తవం: ఆ ఫైలు పద్ధతిని 1994లో మార్టైన్ కోస్టర్ ప్రతిపాదించారు. చాలా ఏళ్లు అది కేవలం ఒక మర్యాదగా సాగి, 2022 సెప్టెంబరులో ఇంటర్నెట్ ప్రమాణాల పత్రమైన ఆర్‌ఎఫ్‌సీ 9309గా ప్రామాణిక రూపం పొందింది. అప్పుడూ ఇప్పుడూ అది చెప్పేది ఒక్కటే: ఏ క్రాలర్ ఏ దారిలోని పేజీలను తెరవవచ్చు, వేటిని తెరవకూడదు. ఇండెక్స్ గురించి అది ఏమీ చెప్పదు. ఒక కాలేజీ తన ఫీజు రసీదుల ఫోల్డరును డిస్‌అలౌ చేసిందనుకుందాం. ఆ రసీదు లింకును ఎవరైనా మరో సైటులో పెడితే, గూగుల్ ఆ పేజీని తెరవకుండానే, కేవలం ఆ లింకును బట్టి ఆ చిరునామాను ఫలితాల్లో చూపించవచ్చు. వివరణ ఉండవలసిన చోట సమాచారం అందుబాటులో లేదన్న గమనిక మాత్రం ఉంటుంది. చిరునామాలోనే విద్యార్థి పేరో హాల్‌టికెట్ నంబరో ఉంటే, ఆ కాస్త కనిపించడమే నష్టం.

పేజీ ఫలితాల్లోకి రాకూడదంటే నోఇండెక్స్ అనే ఆదేశం ఇవ్వాలి. హెచ్‌టీఎంఎల్ పేజీ అయితే దాని కోడులోని మెటా ట్యాగులోనూ, పీడీఎఫ్ వంటి ఫైలు అయితే దానితోపాటు సర్వర్ పంపే ఎక్స్-రోబోట్స్-ట్యాగ్ హెడరులోనూ దాన్ని పెట్టవచ్చు. జాగ్రత్తపరులు ఎక్కువగా తడబడేది సరిగ్గా ఇక్కడే. నోఇండెక్స్ పెట్టి, అదనపు భద్రత కోసమని అదే పేజీని రోబోట్స్ ఫైలులో కూడా మూసేస్తారు. మూసిన పేజీని క్రాలర్ తెరవదు. తెరవని పేజీలో నోఇండెక్స్ ఉందని దానికి తెలిసే మార్గం లేదు. కాబట్టి ఒక జాగ్రత్త రెండో జాగ్రత్తను పనికిరాకుండా చేస్తుంది. ముందు దారి తెరిచి ఉంచి నోఇండెక్స్‌ను చదవనివ్వాలి. పేజీ ఇండెక్స్ నుంచి తొలగిపోయాక, నిజంగా అవసరమనిపిస్తే అప్పుడు దారి మూయవచ్చు. నోఇండెక్స్‌ను రోబోట్స్ ఫైలులోనే ఒక వరుసగా రాసే పాత అలవాటు కొన్ని సైట్లలో ఇంకా కనిపిస్తుంది. దాన్ని పట్టించుకోవడం గూగుల్ 2019 సెప్టెంబరు 1 నుంచి మానేసింది.

అపోహ: అడ్మిన్ పేజీలను, విద్యార్థుల వివరాలను రోబోట్స్ ఫైలులో పెడితే అవి భద్రంగా ఉంటాయి.

వాస్తవం: ఈ అపోహ గురించి నేను కొంత గట్టిగానే చెప్పదలచుకున్నాను, ఎందుకంటే దీనివల్ల నష్టపోయేది సైటు యజమాని కాదు, ఆ సైటులో తన వివరాలు ఇచ్చిన పిల్లవాడు. రోబోట్స్ ఫైలు అందరికీ తెరిచి ఉండే ఫైలు. డొమైన్ పేరు తెలిసిన ఎవరైనా దాన్ని బ్రౌజరులో చదవవచ్చు. దాచవలసిన ఫోల్డర్ల పేర్లన్నీ అందులో వరుసగా రాయడమంటే, వెతికేవాడి చేతికి జాబితా తయారుచేసి ఇవ్వడమే. మర్యాద పాటించే క్రాలర్ ఆగిపోతుంది. చెడు ఉద్దేశంతో వచ్చిన ప్రోగ్రాము మొదట అక్కడికే వెళుతుంది.

భద్రత అప్లికేషన్‌లో ఉండాలి. లాగిన్ అయితే చాలదు. లాగిన్ అయిన వ్యక్తికి ఆ ఫలానా రసీదును చూసే హక్కు ఉందా అని ప్రతి అభ్యర్థన దగ్గరా సర్వర్ పరీక్షించాలి. రసీదుల చిరునామాలు వరుస సంఖ్యలతో ఉండి, చివరి అంకె మార్చగానే పక్క విద్యార్థి రసీదు తెరుచుకుంటుంటే, క్రాలర్లను ఎంత అదుపు చేసినా ప్రయోజనం లేదు. ఫైళ్లను క్లౌడ్ స్టోరేజీలో ఉంచినవారు ఆ ఫైళ్లుండే నిల్వ అరను (బకెట్‌ను) ప్రైవేటుగా ఉంచి, కొద్ది నిమిషాల్లో గడువు ముగిసే సంతకపు (సైన్డ్) లింకుల ద్వారా ఇవ్వాలి. ఇప్పటికే వివరాలు ఫలితాల్లోకి వచ్చేసి ఉంటే, ముందుగా ఆ పేజీని లాగిన్ వెనక్కి మార్చాలి లేదా ‘పేజీ లేదు’ అని చెప్పే 404, 410 కోడ్ వచ్చేలా తీసేయాలి. ఆ తర్వాత, గూగుల్ సైటు యజమానులకు ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లోని తొలగింపు సాధనాన్ని వాడాలి. ఆ సాధనం పేజీని సుమారు 6 నెలలు మాత్రమే మరుగున ఉంచుతుంది కాబట్టి, మొదటి పని చేయకుండా రెండోది ఒక్కటే చేసి ఊరుకుంటే పేజీ మళ్లీ కనిపించే ప్రమాదం ఉంది.

విడుదలకు ముందు మార్పులను సరిచూసుకోవడానికి నడిపే స్టేజింగ్ సైటుకూ ఇదే వర్తిస్తుంది. దానికి పాస్‌వర్డ్ పెట్టాలి. రోబోట్స్ ఫైలుతో సరిపెట్టుకుంటే, అసలు సైటును విడుదల చేసే రోజున ‘మొత్తం మూసివేత’ వరుస కూడా దాంతోపాటే లైవ్ సర్వరుకు చేరుతుంది, వారాల తరబడి ఎవరూ గమనించరు. ప్రతి విడుదల తర్వాత లైవ్ సైటు రోబోట్స్ ఫైలును తెరిచి చూడటం డిప్లాయ్‌మెంట్ పనుల జాబితాలో ఒక తప్పనిసరి మెట్టు కావాలి.

అపోహ: మన వినియోగదారులు మన జిల్లావాళ్లే కాబట్టి విదేశీ ఐపీలన్నింటినీ (కంప్యూటర్ల ఇంటర్నెట్ చిరునామాలను) అడ్డుకోవడం మంచిది.

వాస్తవం: ‘మన దగ్గర కొనేటోళ్లంతా పాలమూరోళ్లే గదా సార్, అమెరికా నుంచి వచ్చేటోళ్లతోని మనకేం పని’ అని మహబూబ్‌నగర్ వ్యాపారి ఒకరు నన్ను అడిగారు. ప్రశ్న సహేతుకమైనదే. అయితే గూగుల్ క్రాలరైన గూగుల్‌బాట్ ప్రధానంగా అమెరికాలోని ఐపీ చిరునామాల నుంచే వస్తుంది. ఫైర్‌వాల్‌లో భారతదేశం తప్ప అన్నింటినీ మూసేస్తే, జడ్చర్లలో కూర్చుని వేరుశనగ ధర వెతికే రైతు ఫోనులో ఆ సైటు నేరుగా తెరుచుకుంటుంది గాని, గూగుల్‌లో వెతికితే దొరకదు. హోస్టింగ్ సంస్థ లేదా సీడీఎన్ (సైటు ప్రతులను పలుచోట్ల నుంచి అందించే సేవ) స్థాయిలో ఉండే బాట్ రక్షణ నియమాలు కూడా ఇలాగే, యజమానికి తెలియకుండా, మంచి క్రాలర్లకు ‘ప్రవేశం లేదు’ అనే 403 కోడ్‌నో, మనిషివేనా అని పరీక్షించే క్యాప్చా పేజీనో చూపిస్తుంటాయి. యజమాని బ్రౌజరులో అంతా సవ్యంగా కనిపిస్తుంది కనుక అనుమానమే రాదు. సెర్చ్ కన్సోల్‌లోని యూఆర్‌ఎల్ పరిశీలన సాధనంలో లైవ్ పరీక్ష నడిపితే, గూగుల్‌కు నిజంగా ఏమి అందుతోందో తెలుస్తుంది.

అపోహ: యూజర్ ఏజెంటులో (వచ్చిన ప్రోగ్రాము తనకు చెప్పుకునే పేరులో) గూగుల్‌బాట్ అని ఉంటే అది గూగుల్‌దే, దానికి ఎప్పుడూ దారి ఇవ్వాలి.

వాస్తవం: ఆ పేరును ఏ ప్రోగ్రామైనా పెట్టుకోవచ్చు. సర్వర్ లాగ్‌లో (రాకపోకల నమోదులో) ఉన్న ఐపీకి రివర్స్ డీఎన్‌ఎస్, అంటే ఆ ఐపీకి ఉన్న పేరు, చూస్తే వచ్చే పేరు గూగుల్‌బాట్.కామ్ లేదా గూగుల్.కామ్ వంటి గూగుల్ సొంత డొమైన్‌తో ముగియాలి. ఆ పేరును తిరిగి వెతికితే అదే ఐపీ రావాలి. మైక్రోసాఫ్ట్ బింగ్ క్రాలరైన బింగ్‌బాట్ అయితే సెర్చ్.ఎంఎస్‌ఎన్.కామ్‌తో ముగుస్తుంది. రెండో వైపు వెతకడం మానేయకూడదు, ఎందుకంటే రివర్స్ పేరును ఆ ఐపీ యజమాని తనకు నచ్చినట్టు రాసుకోగలడు. గూగుల్ తన క్రాలర్ల ఐపీ శ్రేణులను కూడా ప్రకటిస్తుంది కాబట్టి, ఫైర్‌వాల్‌లో వాటిని నేరుగా వాడుకోవచ్చు.

అపోహ: రోబోట్స్ ఫైలు తెరుచుకోకపోతే క్రాలర్లు సైటు జోలికి రావు.

వాస్తవం: సర్వర్ ఏ కోడ్‌తో సమాధానం చెప్పిందన్నదాన్ని బట్టి ఫలితం పూర్తిగా మారిపోతుంది. 404 గాని 403 గాని వస్తే, ఆ ఫైలే లేదని, అంటే ఏ ఆంక్షా లేదని గూగుల్ అర్థం చేసుకుంటుంది. కఠినంగా ఉంటుందని రోబోట్స్ ఫైలుకే 403 పెట్టినవారు నిజానికి అన్ని దారులూ తెరిచినట్టే. అదే 500, 503 వంటి సర్వర్ లోపాలు వస్తే, గూగుల్ మొదటి 12 గంటలు సైటును క్రాల్ చేయడమే ఆపేస్తుంది. తర్వాత 30 రోజుల వరకు తన దగ్గర ఉన్న పాత ప్రతిని అనుసరిస్తుంది. అప్లికేషన్ డేటాబేస్ ఆగిపోయినప్పుడు రోబోట్స్ ఫైలు కూడా ఆగకుండా ఉండాలంటే, దాన్ని అప్లికేషన్ కోడు ద్వారా తయారుచేయకుండా ముందున్న వెబ్ సర్వర్ నుంచే స్థిరమైన ఫైలుగా ఇవ్వడం మంచిది. ఈ ఫైలును గూగుల్ సాధారణంగా 24 గంటల వరకు దాచుకుంటుంది కాబట్టి, చేసిన మార్పు మరుక్షణమే అమలు కాలేదని కంగారుపడనక్కరలేదు. సబ్‌డొమైన్ ప్రతిదానికీ విడి ఫైలు కావాలని మాత్రం గుర్తుంచుకోవాలి.

అపోహ: సర్వర్ మీద భారం పడితే రోబోట్స్ ఫైలులో క్రాల్-డిలే (పేజీకీ పేజీకీ మధ్య కాసేపు ఆగమనే వరుస) రాస్తే సరిపోతుంది.

వాస్తవం: బింగ్ దాన్ని పాటిస్తుంది, గూగుల్ పాటించదు. సెర్చ్ కన్సోల్‌లో వేగం తగ్గించే పాత అమరికను కూడా గూగుల్ 2024 జనవరిలో తొలగించింది. సర్వర్ నిజంగా ఉక్కిరిబిక్కిరి అవుతున్నప్పుడు కొన్ని గంటలు, మహా అయితే ఒకటి రెండు రోజులు 503 గాని, అభ్యర్థనలు మితిమీరాయని చెప్పే 429 గాని కోడ్‌గా ఇస్తే గూగుల్‌బాట్ తానే వేగం తగ్గిస్తుంది. అంతకు మించి కొనసాగిస్తే పేజీలు ఇండెక్స్ నుంచి రాలిపోవడం మొదలవుతుంది. ఈ పనికి 403, 404 వాడకూడదు. వాటివల్ల వేగం తగ్గదు, పేజీలు మాత్రం పోతాయి.

అసలు భారం ఎక్కడి నుంచి వస్తోందో లాగ్‌లో చూడాలి. గద్వాల, నారాయణపేట చీరలు అమ్మే ఒక సైటును ఊహించండి. రంగు, అంచు, ధర, నేత రకం అనే నాలుగు ఫిల్టర్లు, వాటిని ఏ వరుసలో నొక్కితే ఆ వరుసలో పెరిగే చిరునామాలు, పైగా సందర్శన సందర్శనకూ మారే సెషన్ నంబరు. ఉన్న చీరలు కొన్ని వందలే అయినా, క్రాలరుకు కనిపించే చిరునామాలు లక్షల్లోకి వెళ్లిపోతాయి. ఇక్కడ రోబోట్స్ ఫైలు నిజంగా ఉపయోగపడుతుంది: ఫిల్టర్ పారామీటర్లున్న చిరునామాలను, ఏ అక్షరాలకైనా సరిపోయే నక్షత్రపు గుర్తుతో (*) మూసి, చీర పేజీలను, ప్రధాన విభాగాలను తెరిచి ఉంచితే భారం తగ్గుతుంది. సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ ఫైళ్లను మాత్రం మూయకూడదు. అవి లేకపోతే గూగుల్ పేజీని మనం చూసే రూపంలో నిర్మించుకోలేదు.

అపోహ: అందరికీ రాసిన నియమాలకు గూగుల్‌బాట్ కోసం రాసినవి అదనంగా చేరతాయి.

వాస్తవం: చేరవు. గూగుల్‌బాట్ పేరుతో విడిగా ఒక గుంపు ఉంటే, అది ఆ గుంపునే చదివి, నక్షత్రం (అన్ని క్రాలర్లూ అనే గుర్తు) కింద ఉన్న నియమాలను పూర్తిగా వదిలేస్తుంది. ఒక్క వరుస కోసం గూగుల్‌బాట్ గుంపు మొదలుపెట్టినవారు మిగతా నియమాలన్నీ అక్కడ మళ్లీ రాయాలి. ఒకే చిరునామాకు రెండు నియమాలు తగిలితే, వరుసలో ముందున్నది కాదు, పొడవైన దారి ఉన్నది నెగ్గుతుంది. దారుల్లో పెద్ద అక్షరం, చిన్న అక్షరం వేర్వేరు. తెలుగు చిరునామాలు వాడేవారు ఫైలును తప్పనిసరిగా యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో భద్రపరచాలి. అందులో ఒక్కో తెలుగు యూనికోడ్ సంకేతం మూడు బైట్లు కనుక, లాగ్‌లో ‘క’ అనే ఒక్క అక్షరం శాతం గుర్తులతో కలిపి తొమ్మిది గుర్తులుగా కనిపిస్తుంది. అది లోపం కాదు.

అపోహ: ఏఐ సంస్థల బాట్‌లను మూస్తే సెర్చ్‌లో నష్టపోతాం.

వాస్తవం: వేటిని మూస్తున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. గూగుల్-ఎక్స్‌టెండెడ్ విడిగా వచ్చే క్రాలర్ కాదు, గూగుల్ ఏఐకి మన పేజీలను వాడనివ్వాలో వద్దో చెప్పడానికి రోబోట్స్ ఫైలులో వాడే ఒక పేరు మాత్రమే. దాన్ని మూసినా గూగుల్ సెర్చ్‌లో స్థానం మారదు. ఓపెన్‌ఏఐ శిక్షణ కోసం జీపీటీబాట్‌ను, చాట్‌జీపీటీ సెర్చ్ కోసం ఓఏఐ-సెర్చ్‌బాట్‌ను వేరుగా నడుపుతోంది కాబట్టి, మొదటిదాన్ని మూసి రెండోదాన్ని తెరిచి ఉంచవచ్చు. మిర్యాలగూడ మిల్లు తన బియ్యం రకాల పేజీని రెండింటికీ తెరిచి ఉంచుకోవచ్చు. తాను రాసిన కథనాలే ఆస్తిగా ఉన్న స్థానిక వార్తల సైటు శిక్షణకు ఒప్పుకోకపోవచ్చు. ఆ నిర్ణయం హోస్టింగ్ చేసేవాడిది కాదు, యజమానిది. యజమానిని అడగకుండా రెండింటినీ ఒకే నియమంతో మూసేసే రెడీమేడ్ జాబితాలను మాత్రం నేను మా సర్వర్లలో వాడను.