అవ్వ కంట్లో పక్కదారులు

కోవూరు

చిట్టీ, బాబూ,

అవ్వ కంట్లో రక్తానికి వేరే దారులు ఏర్పడ్డాయని డాక్టర్ చెప్పారు కదా, మరి చూపు ఎందుకు మసగ్గానే ఉందని ఫోన్లో అడిగారు. ఫోన్లో చెబితే సగం వినరు, అందుకే రాస్తున్నా.

కంటి వెనక రెటీనా అనే పల్చటి పొరలో, రక్తం తెచ్చే ధమనులూ తీసుకుపోయే సిరలూ కొన్నిచోట్ల ఒకదానిమీదుగా ఒకటి పోతాయి. అక్కడ రెండింటికీ పైపొర ఒకటే. ఏళ్ల తరబడి బీపీ ఉంటే ధమని గట్టిపడి పక్కనున్న సిరను నొక్కుతుంది. రక్తం నెమ్మదించి సిరలో గడ్డ కడుతుంది. అవ్వకు అయిందదే. నొప్పి ఉండదు. అందుకే చాలామంది శుక్లమేమోలే అనుకుని ఊరుకుంటారు.

మన పొలంలో మురుగు కాలువ పూడిందనుకోండి. పైనుంచి నీళ్లు వస్తూనే ఉంటాయి, పోయే దారి ఉండదు, చేను మునుగుతుంది. కొన్నాళ్లకు నీళ్లు పల్లం చూసుకుని పక్క కాలువలోకి దారి చేసుకుంటాయి. కంట్లోనూ అంతే, రక్తం నిలిచి రెటీనా వాస్తుంది. ముందునుంచే ఉన్న సన్నటి నాళాలు వారాలు, నెలల మీద లావై, నిలిచిన రక్తాన్ని పక్క సిరకు చేరుస్తాయి. కానీ నీళ్లు తీసేలోపే పైరు కుళ్లిపోతే? మాక్యులా అని రెటీనా నడుమ చిన్న చోటుంది. అక్షరాలు, ముఖాలు దానితోనే చూస్తాం. అక్కడ వాపు ఎన్నాళ్లుంది, కణాలు ఎంత దెబ్బతిన్నాయి అన్నదాన్ని బట్టే చూపు. పక్కదారులు ఉన్నా చూపు రానివాళ్లున్నారు, అవి పెద్దగా లేకున్నా బాగా చూసేవాళ్లున్నారు.

ఇంకోటి, ఈ పక్కదారులను ‘కొత్త నాళాలు’ అనకండి. అవి వేరు, ప్రమాదం కూడా. ఆక్సిజన్ అందని రెటీనా వీఈజీఎఫ్ అనే పదార్థాన్ని వదిలితే మొలుస్తాయి. గోడలు బలహీనం, కారతాయి, పగిలి కంట్లో రక్తం నింపుతాయి. ఏవి ఏవో తేల్చడానికే అవ్వ చేతి నరంలోకి పసుపు రంగు మందు ఎక్కించి ఫొటోలు తీశారు. మొలిచిన నాళాల్లోంచి ఆ రంగు బాగా కారుతుంది, పక్కదారుల్లోంచి మామూలుగా కారదు. ఆ రోజు మూత్రం పచ్చగా వస్తే అవ్వ పడ్డ కంగారు మీరు చూడలేదు!

కంట్లో వేసే ఇంజెక్షన్ ఆ వీఈజీఎఫ్‌ను అణచి వాపు తగ్గిస్తుంది. గడ్డను కరిగించేది కాదు. వాపు మళ్లీ రావచ్చు కాబట్టి ఇంకా వేయించుకోవాల్సి రావచ్చు. "కంట్లో సూదా!" అని అవ్వ మొదట బెదిరింది గానీ, మొద్దుబార్చే చుక్కలు వేశాక పెద్దగా తెలియలేదంది.

వచ్చే నెల ఓసీటీ స్కాన్‌కు, అంటే రెటీనా వాపు ఎంతుందో చూసే పరీక్షకు, నెల్లూరు పోతాం. సెలవులకు వచ్చినప్పుడు రోజూ బీపీ మాత్ర వేసుకుందో లేదో మీరే అడగండి. నేనడిగితే ఒంటికాలిమీద లేస్తుంది.

మీ తాత