కుక్కర్లో కేకు, ఓవెన్లో ప్రమిద

ఓవెన్ లేని ఇళ్లలో కేకు కుక్కర్లోనే తయారవుతుంది. అడుగున ఇసుకో ఉప్పో పోసి, స్టాండు పెట్టి, మూతకున్న గాస్కెట్, విజిల్ తీసేసి కాసేపు వేడెక్కనిస్తారు. తర్వాత పిండి గిన్నె దించి మంట బాగా తగ్గిస్తారు. కుక్కర్లో మాత్రం చుక్క నీళ్లు పొయ్యరు. కీలకమంతా అక్కడే ఉంది.

నీళ్లుంటే లోపలి వేడి 100 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. విజిల్ పెట్టినా దాదాపు 120 దగ్గరే ఉంటుంది. ఆ వేడికి పిండి ఉడుకుతుందే గానీ కాలదు. కేకు పైన ఎర్రటి పొర, కమ్మటి వాసన రావాలంటే ప్రొటీన్లకూ చక్కెరలకూ మధ్య మైలార్డ్ చర్య జరగాలి. అది జోరందుకునేది సుమారు 140 దాటాకే. విజిల్ తీసేస్తే పిండిలోంచి వచ్చే ఆవిరి బయటికి పోతుంది, పైభాగం ఆరుతుంది. ఇసుక మంటను అడుగంతా సమంగా పంచుతుంది. ఉప్పు కరగాలంటే 801 డిగ్రీలు కావాలి కాబట్టి అదీ అంతే పనిచేస్తుంది.

అయినా సెగంతా కిందినుంచే వస్తుంది గనక పైభాగం పాలిపోయి ఉంటుంది. దిబ్బరొట్టెకి మన పెద్దవాళ్లు మూత మీద కూడా నిప్పులు వేసేది అందుకే. నా దృష్టిలో కుక్కర్ కంటే అదే అసలైన ఓవెన్.

మట్టితో ప్రమిదో వినాయకుడి విగ్రహమో చేసి ఆరబెట్టేటప్పుడూ నీటిదే పెత్తనం, కానీ ఇక్కడ తొందర పనికిరాదు. మట్టి రేణువుల మధ్య నీరు పోయేకొద్దీ అవి దగ్గరికి జరిగి వస్తువు కుంచించుకుపోతుంది. ఎండలో పెడితే పైపొర ముందే బిగుసుకుంటుంది, లోపల ఇంకా తడే. దాంతో పైపొర పగులుతుంది. వినాయకుడి చెవులూ తొండమూ ముందు బీటలిచ్చేది అవి సన్నగా ఉండి త్వరగా ఆరడం వల్లే. వాటికి తడిగుడ్డ చుట్టి, విగ్రహాన్ని నీడలో ఆరబెట్టాలి. మట్టిలో కాస్త ఇసుక కలిపితే కుంచించుకుపోవడం తగ్గుతుంది. ఆరిందో లేదో తెలియాలంటే బుగ్గకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే నీరింకా ఆవిరవుతోందన్నమాట.

ఓవెన్ వాడాలనుకుంటే అలా ఆరాక, 80, 90 డిగ్రీల్లో, తలుపు కొంచెం తెరిచి పెట్టాలి. తడి మిగిలుండగా 100 దాటిస్తే ఆవిరి ఒత్తిడికి వస్తువు పగిలిపోవచ్చు.

ఇంత చేసినా అది పచ్చి మట్టే. మట్టి స్ఫటికంలో బంధమై ఉన్న నీరు పోవాలంటే దాదాపు 500 డిగ్రీలు కావాలి, ఇంటి ఓవెన్ 250 దగ్గర ఆగుతుంది. నిమజ్జనం చేసే వినాయకుడికి పచ్చి మట్టే మంచిది, నీళ్లలో ఇట్టే కరుగుతుంది. ప్రమిదలైతే మాత్రం బాగా ఆరబెట్టి, దగ్గర్లోని కుమ్మరినడిగి ఆయన ఆములో కాల్పించుకోవాలి.